రిజిస్టరులో లేని మోరీ

రోడ్ల శాఖలో మీరిప్పుడు పెద్ద బండ్ల పర్మిట్ల పనంతా కంప్యూటర్లోనే చేసేస్తున్నారట. బండి పొడవెంత, ఎత్తెంత, బరువెంత, ఏ ఊరి నుంచి ఏ ఊరికి అన్నవి నింపి మీట నొక్కితే దారిలో ఉన్న వంతెనల జాబితా దానంతటదే వచ్చేస్తుందని మొన్న ఒక కొత్త ఇంజనీరు అమ్మాయి చెప్పింది. సంతోషం. ఆ జాబితా కంప్యూటర్లోకి ఎక్కడి నుంచి వచ్చిందమ్మా అని అడిగితే, "పాత రిజిస్టర్లు సూసి ఎక్కించినారు సార్" అంది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ పాత రిజిస్టర్లు రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళు తమ నిజాయితీ గురించి, క్రమశిక్షణ గురించి, పై అధికారులు తమను ఎంత మెచ్చుకున్నారన్న దాని గురించి రాస్తారు. అసూయ గురించి ఎవరూ రాయరు. ముప్పై ఏళ్ళకు పైబడిన నా సర్వీసులో రోజూ నాతోపాటు ఆఫీసుకొచ్చి, నాతోపాటే ఇంటికొచ్చింది అదే. కాబట్టి దాని గురించే రాస్తాను.

నేను రోడ్ల శాఖలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, మదనపల్లె సెక్షన్ చూసేవాణ్ణి. నా హద్దు ముగిసిన చోట పుంగనూరు సెక్షన్ మొదలవుతుంది. దాన్ని చూసే ఏఈ నాకంటే ఏడేళ్ళు వెనక చేరినవాడు. మాది బోర్లు, మామిడి తోట ఉన్న రైతు కుటుంబం. అతనిది కూలి చేసుకుని బతికిన కుటుంబం. వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి, ఉద్యోగం చేసుకుంటూనే చదివి, పరీక్షలు రాసి ఇంజనీరయ్యాడు. నేను డిప్లొమా దగ్గర ఆగిపోతే అతను డిగ్రీ కూడా సంపాదించాడు. ఆ డిగ్రీ పుణ్యమా అని ప్రమోషన్ వరుసలో ఏడేళ్ళ దూరం దాటి నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

అతన్ని చూస్తే నాకెందుకంత మండేదో ఇప్పుడు చెబితే మీకు నవ్వొస్తుంది. మా ఇద్దరి మీద అధికారి అయిన డీఈ గారు అతని రిపోర్టుల మీద ఎర్ర ఇంకు పెట్టేవారు కాదు. నావి రెండుసార్లు తిరిగొచ్చేవి. రోడ్డు మలుపు గురించి రాయాల్సి వస్తే నేను మూడు వాక్యాలు రాస్తాను, అతను పెన్సిల్‌తో బొమ్మ గీసి పెడతాడు. ఆ బొమ్మను డీఈ గారు పదిమందికీ చూపిస్తారు. ఒకసారి ఏదో కాగితం కోసం మా ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్ళాడు. "ఎంత అణకువ ఆ సారుకి" అని మా ఆవిడ రెండు రోజులు చెప్పింది. ఆఫీసు ఎదురుగా టీ కొట్టాయన నన్ను "సారూ" అని లేచి పలకరించేవాడు. అతన్ని మాత్రం "రాప్పా, కూచో" అనేవాడు. గౌరవం నాకే ఎక్కువ దక్కింది కదా అని మీరనుకోవచ్చు. నాకు మాత్రం ఆ "రాప్పా" కావాలనిపించేది.

అతను కూలి ఇంటి నుంచి వచ్చినవాడన్న మాట ఆ రోజుల్లో నాకు లోలోపల కొంత ఊరటగా ఉండేది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఆ ఏడాది కుప్పం దగ్గర కట్టిన ఒక కొత్త సబ్‌స్టేషనుకు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ రావాల్సి వచ్చింది. అనంతపురం వైపు నుంచి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోవాలి. మామూలు కొలతలకూ మామూలు బరువుకూ మించిన ఇలాంటి బండిని మేము ఓడీసీ బండి అంటాం. దానికి పర్మిట్ ఇచ్చేది రవాణా శాఖే. కానీ దారిలో ఉన్న ప్రతి వంతెనా, రోడ్డు కింద నీళ్ళు పారే ప్రతి మోరీ ఆ బరువు మోయగలదని మేము రాసిస్తేనే వాళ్ళిస్తారు. రాసినవాడు కింద సంతకం పెట్టాలి. ఏదైనా కూలితే ఆ సంతకం పెట్టినవాడి మెడకే చుట్టుకుంటుంది. సస్పెన్షన్ చిన్నమాట. బండితో నడిచే మనుషులకు ఏదైనా అయితే కేసు, జైలు దాకా పోవచ్చు.

డీఈ గారు మా ఇద్దరినీ పిలిచారు.

"మదనపల్లె కాడ నుంచి పలమనేరు దాకా రిపోర్టు ఒగటే పోవల్ల. పుంగనూరాయన రాస్తాడు. నీ సెక్షన్ వివరాలన్నీ ఆయనకిచ్చెయ్యప్పా" అన్నారు నాతో.

వయసులో పెద్దవాణ్ణి, సర్వీసులో పెద్దవాణ్ణి. నేను వివరాలివ్వాలి, అతను రిపోర్టు రాయాలి. "అట్లనే సార్" అని బయటికొచ్చి, ఆ రోజు టీ కూడా తాగకుండా నా గదిలో కూర్చుండిపోయాను.

వారం తర్వాత ఒక పొద్దున అతను మా ఆఫీసుకు వచ్చాడు. చంకలో పుంగనూరు సెక్షన్ మోరీల రిజిస్టరు ఉంది. అప్పటికే రోడ్డంతా నడిచి చూసినట్టున్నాడు, ముఖం ఎండకు కమిలిపోయింది. నా ఎదురుగా కూర్చుని రిజిస్టరు తెరిచాడు.

"అన్నా, నీ మొదటి పోస్టింగు మా పుంగనూరే కదా. పుంగనూరు పలమనేరు నడమ ఈ పుస్తకంలో లేని మోరీ ఏదన్నా ఉండాదా? బాగా గెవనం తెచ్చుకోన్నా" అన్నాడు. అడిగేటప్పుడు పుస్తకం వైపే చూశాడు తప్ప నా ముఖం చూడలేదు.

ఉంది. అడిగిన క్షణంలోనే నాకు గుర్తొచ్చింది.

పుంగనూరు దాటి పలమనేరు వైపు పోతుంటే, గంగవరం ఇంకా కొంత దూరం ఉందనగా, రోడ్డు కింద పాతకాలపు బండల మోరీ ఒకటి ఉండేది. రెండు పక్కలా రాతి గోడలు, వాటి మీద అడ్డంగా బండలు, పైన మట్టి, ఆపైన తారు. ఎగువన ఉన్న కుంట ఎండిపోయి అందులో నీళ్ళు పారక చాలా కాలమైంది. నేనక్కడ కొత్తగా ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఆ రోడ్డును వెడల్పు చేశారు. రోడ్డు వెడల్పయితే మోరీని కూడా రెండు పక్కలా పొడిగించాలి. ఎస్టిమేటులో అది లేదు. మళ్ళీ ఎస్టిమేటు వేసి పైకి పంపి మంజూరు తెప్పించుకునేసరికి మార్చి దాటి ఆ ఏడాది డబ్బు వెనక్కిపోతుంది, పని ఆగిపోతుంది. కాంట్రాక్టరు నా ముఖం చూశాడు. నేను రెండు వైపులా నోళ్ళు మట్టితో మూసెయ్యమన్నాను. గ్యాంగు కూలీలు తట్టలతో మట్టి మోసి మూసేశారు.

ఏప్రిల్‌లో రిజిస్టరు పని వచ్చింది. వానలకు ముందు ప్రతి మోరీ నోరు చూసి, పూడిక ఉందో లేదో రాయాలి. దీనికి నోరే లేదు. పక్కన ఎర్ర ఇంకుతో "వాడుకలో లేదు, తొలగించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. మా దగ్గర కొత్త ఏడాది రిజిస్టరును పాత ఏడాది రిజిస్టరు చూసి రాస్తారు. కొట్టేసినవాటిని మళ్ళీ ఎక్కించరు. అందువల్ల మరుసటి ఏడాదికి ఆ ఎర్ర గీత కూడా మిగల్లేదు. రోడ్డు కింద బండలు అలాగే ఉన్నాయి, కింద ఖాళీ అలాగే ఉంది, కాగితం మీద మాత్రం మోరీ లేదు. లారీలు, బస్సులు దాని మీద తిరుగుతూనే ఉన్నాయి. నేను దాన్ని మర్చిపోయాను.

ఇప్పుడు అతను అడుగుతున్నాడు.

"పుస్తకంలో లేని మోరీ రోడ్డులో యాడుంటాదప్పా?" అన్నాను నవ్వుతూ.

"అట్లనా" అన్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. లేచి నిలబడి మళ్ళీ, "ఇంగోసారి ఆలోచన చెయ్యన్నా. సాయంత్రం ఫోన్ చేసినా సరే, రేప్పొద్దున చేసినా సరే" అన్నాడు.

నేను చెయ్యలేదు. ఆ సాయంత్రమూ చెయ్యలేదు, మర్నాడూ చెయ్యలేదు.

భయపడి చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ ఎర్ర ఇంకు కింద ఉన్నది నా సంతకం, బయటపడితే నా పీకలమీదికే వస్తుంది కదా అని. భయం ఉన్న మాట నిజమే. కానీ భయమే అయితే అతను వెళ్ళాక నా గుండె దడదడలాడి ఉండాలి. అలా జరగలేదు. తేలిగ్గా అనిపించింది. ఒక్కసారి, ఒక్కసారన్నా ఇతని రిపోర్టులో తప్పు బయటపడుతుంది, డీఈ గారి ముందు ఇతను తలవంచుకుని నిలబడతాడు అనిపించింది. మనసులో అంత తీపిగా ఏ ఆలోచనా అంతకుముందు తోచలేదు. బండి మీదా బండి వెంటా మనుషులుంటారన్న సంగతి మాత్రం తోచలేదు.

రిపోర్టు పైకి వెళ్ళింది. అది నా చేతికి రాలేదు, నేను చూస్తానని అడగనూ లేదు. పర్మిట్ వచ్చింది. షరతుల ప్రకారం బండి పగటిపూటే నడవాలి, ప్రతి సెక్షన్లో ఆ ఏఈ దగ్గరుండి దాటించాలి.

మదనపల్లెలో దాటించాల్సింది నేను. టమోటా సీజను మంచి ఊపు మీద ఉంది. మార్కెట్టుకు పోయే బండ్లు రోడ్డు పొడుగునా నిలిచిపోయాయి. ట్రైలరు నడిచేది మనిషి నడక కంటే నెమ్మదిగా. ముందు ఒక మనిషి పొడవాటి కర్ర పట్టుకుని కరెంటు తీగల ఎత్తు చూసుకుంటూ పోతాడు. వెనక జనం చక్రాలు లెక్కపెట్టుకుంటూ నడుస్తారు, ఒకరి లెక్క ఇంకొకరి లెక్కతో కలవదు. క్రేట్ల మీద కూర్చున్న ఒక రైతు నన్ను చూసి గట్టిగా అరిచాడు.

"సారూ, మా టమోటాలు ఈడే ఉడికిపోతాండాయి. మీ పెండ్లి ఊరేగింపు ఎప్పుడైపోతాది?"

అందరూ నవ్వారు. నేను ముఖం మాడ్చుకుని నిలబడ్డాను. అంతకంటే మండించిన విషయం ఇంకొకటుంది. ట్రైలరు సూపర్‌వైజరు ఉత్తరాది మనిషి. నా సెక్షన్లో నా పక్కనే నిలబడి, మలుపు దగ్గర సందేహం వస్తే ఫోన్ తీసి పుంగనూరు ఏఈకి చేస్తున్నాడు. "వో సాబ్ నే నక్షా బనాయా హై" అని నాకు చెప్పాడు. అంటే, ఆ సారు బొమ్మ గీసిచ్చాడు అని. నా సెక్షన్లో నా మలుపుకు కూడా అతని బొమ్మే దిక్కయింది.

ఊరు దాటాక బండిని పక్కకు ఆపి అందరూ భోజనాలు చేశారు. అప్పుడు చూశాను ఆ మనిషిని. ట్రైలరు వెనక భాగంలో, చక్రాలకు ఆనుకుని, చిన్న సీటు ఒకటి ఉంటుంది. అందులో ఒకతను కూర్చుని వెనక చక్రాలను మలుపులకు తగ్గట్టు తిప్పుతుంటాడు. నలభై ఏళ్ళుంటాయి, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. నేను దగ్గరికి పోతే రొట్టె తింటూనే పక్కకు జరిగి చోటిచ్చాడు.

"సాబ్, ఆగే రస్తా ఠీక్ హై నా?" అన్నాడు. ముందు దారి బాగుంది కదా అని అడుగుతున్నాడు.

నేను తలూపాను.

బండలు విరిగితే ముందు నలిగేది ఆ సీటే. ఇంజనీరును కదా, అది లెక్క కట్టడానికి నాకు కాగితం అక్కర్లేదు.

మర్నాడు నాకక్కడ పనిలేదు. సెలవు చీటీ రాసిపెట్టి, మోటారు సైకిలు తీసుకుని పుంగనూరు వెళ్ళాను. ఇంట్లో టిఫిను కూడా తినలేదు. ట్రైలరు అప్పటికే పుంగనూరు దాటి పలమనేరు దారిలో పోతోంది. దాని వెనక చాలాసేపు నడిపాను. తువ్వాలు చుట్టుకున్న మనిషి నన్ను గుర్తుపట్టి చెయ్యూపాడు. ఫోన్ తీశాను. పుంగనూరు ఏఈ నంబరు నొక్కి, మోగకముందే కట్టేశాను. మళ్ళీ నొక్కి మళ్ళీ కట్టేశాను. ఇన్నేళ్ళు లారీలు తిరిగాయి, ఏమీ కాలేదు కదా అనుకున్నాను. తర్వాత ట్రైలరును దాటుకుని ముందుకు పోయాను.

ఎందుకు పోయానో చెప్పమంటే చెప్పలేను. ఆ చోటికి ముందే చేరి బండిని ఆపించాలనే పోయానని మా ఆవిడతో చాలాసార్లు అన్నాను. అది నిజమైతే ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అని ఆమె అడగలేదు గానీ, నేనే అడుక్కున్నాను.

ఆ చోటికి చేరేసరికి రోడ్డు మీద ఇనుప రేకులు పరిచి ఉన్నాయి. లావైనవి, వరుసగా, రోడ్డు వెడల్పంతా. రెండు పక్కలా మట్టి తవ్వి మోరీ నోళ్ళు తెరిచారు. లోపల ఎక్కడా సందు లేకుండా ఇసుక బస్తాలూ కొయ్య దుంగలూ దట్టించి కూరారు. బండలకు కింద ఖాళీ అన్నదే లేదు. అంటే రెండు మూడు రోజుల ముందు నుంచే పని జరిగింది. గ్యాంగు కూలీలు గట్టున కూర్చుని ఉన్నారు. వాళ్ళతోపాటు కొంగు తలమీద కప్పుకున్న ఒక ముసలామె కూడా ఉంది. పుంగనూరు ఏఈ రేకుల అంచులు తడిమి చూస్తున్నాడు.

నన్ను చూసి, "రా అన్నా" అన్నాడు. అంతే. ఎందుకొచ్చావని అడగలేదు.

ట్రైలరు వచ్చింది. రేకులు కిర్రుమన్నాయి. ఒక్కో వరుస చక్రాలు ఎక్కి దిగుతుంటే నా కాళ్ళ కింద నేల అదిరింది. వెనక సీటులో మనిషి మమ్మల్ని దాటుతూ మళ్ళీ చెయ్యూపాడు. బండి మొత్తం అవతలికి పోయింది, రోడ్డు ఇసుమంతైనా కుంగలేదు.

హమ్మయ్య అనుకున్నాను. అది నిజం. ఆ వెంటనే ఒళ్ళు మండింది. అదీ నిజమే. ఇంకొక్క నిమిషం దొరికి ఉంటే, రేకులు లేకపోయి ఉంటే, నేను రోడ్డుకు అడ్డంగా నిలబడి బండిని ఆపేవాణ్ణేమో. ఆపేవాణ్ణో లేదో తెలుసుకునే అవకాశం కూడా లేకుండా చేశాడు. నేను మంచివాణ్ణని నాకు నేను చూపించుకోవాల్సిన చోట కూడా అతనే ముందుగా వచ్చి పని ముగించేశాడు.

నాలుగు రోజుల తర్వాత డీఈ గారు పిలిపించారు. లేచి నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన అంతకుముందు ఎప్పుడూ లేవలేదు.

"శభాష్ అప్పా! ఎన్నేండ్ల నాటి మోరీ! నువ్వు గెవనం పెట్టుకుని చెప్పకుంటే ఏమైపోయుండును!"

నాకు అర్థం కాలేదు. రిపోర్టు నకలు నా ముందు పెట్టారు. అందులో ఒక పేజీలో, అతని ముత్యాల్లాంటి అక్షరాల్లో, ఇలా ఉంది: రిజిస్టరులో నమోదు లేని ఈ మోరీ సంగతి ఈ సెక్షన్లో పూర్వం పనిచేసిన, ప్రస్తుత మదనపల్లె సెక్షన్ ఏఈ గారు తెలియజేశారు. కింద తేదీ చూశాను. అతను నా దగ్గరికొచ్చి వెళ్ళిన మూడో రోజు.

కాదు సార్, నేను చెప్పలేదు అనడానికి రెండు క్షణాలు చాలు. ఆ రెండు క్షణాలూ నేను కాగితం వైపు చూస్తూ గడిపాను. డీఈ గారు దాన్ని వినయం అనుకున్నారు.

ఆగస్టు పదిహేనున మదనపల్లెలో జెండా పండగ. మైకులో నన్ను పిలిచి ప్రశంసా పత్రం ఇచ్చారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో అతనూ ఉన్నాడు. మనస్ఫూర్తిగానే కొడుతున్నాడు. అదే నేను భరించలేకపోయాను. కార్యక్రమం అయ్యాక మోటారు సైకిళ్ళ దగ్గర అతన్ని పట్టుకున్నాను.

"యాల అట్ల రాసినావప్పా? నేను నీకేం చెప్పలేదే."

అతను చుట్టూ చూసి మెల్లగా అన్నాడు. "మోరీ ఉండాదని నాకెట్ల తెలిసిందో రిపోర్టులో రాయల్ల కదన్నా. గ్యాంగు కూలి చెప్పిందంటే పైనోళ్ళు ఒప్పుకుంటారా? ఇంగో సర్వే అంటారు, పర్మిట్ ఆపేస్తారు. పుస్తకంలో ఎవురు కొట్టేసినారు అని పాతవి తీస్తారు. ఆడ పనిచేసిన సారే చెప్పినాడంటే ఇంగెవురూ ఏమీ అడగరు."

"గ్యాంగు కూలి ఎవురు?"

"మా అమ్మ. ఆ మట్టి మోసినోళ్ళలో మా అమ్మ ఉండాది."

ఆ రోజు గట్టున కూర్చున్న ముసలామె ఎవరో అప్పుడు తెలిసింది. ఆ గ్యాంగులో పదిమంది దాకా ఆడవాళ్ళుండేవారు. దుమ్ముకు ముఖాలకు గుడ్డ కట్టుకుని పనిచేసేవారు. వాళ్ళలో ఒక్కరి పేరు కూడా నేను తెలుసుకోలేదు. రెండేళ్ళు నా కింద పనిచేశారు.

"నువ్వు నా కాడికి వచ్చి అడిగినప్పటికే నీకు తెలుసునా?" అన్నాను.

"పొద్దుపోయిందన్నా, వస్తా" అని అతను బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

వారం పట్టింది నాకు. ఆ పత్రాన్ని చేతిసంచిలో పెట్టుకుని పుంగనూరు పక్కన ఉన్న వాళ్ళ ఊరికి వెళ్ళాను. అతను పనిమీద ఉండే సమయం చూసుకునే వెళ్ళాను. ఆమె వరండాలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను.

"నన్ను గుర్తుపట్టినావామ్మా?"

"గెవనం లేకేం సారూ. గొడుగు పట్టుకోని నిలబడి, కొట్టండమ్మా మట్టి అంటాంటివి. రేపు నీళ్ళొస్తే యాడికి పోవల్ల సారూ అని నేను అడిగితిని. నీళ్ళు యాడొస్తాయి లేమ్మా, పని సూడు అంటివి."

నాకు ఆ మాట గుర్తు లేదు. అన్నాననడంలో సందేహం కూడా లేదు. అలాంటి మాటలు రోజుకు పది అనేవాణ్ణి.

ఆమె ఒలుస్తూనే అంది. "నా బిడ్డకు ముందే చెప్పినాను సారూ, ఈ చోట మోరీ ఉండాది, బండి పోనీవద్దు అని. చెప్పిన తెల్లారి నీ కాడికి పొయ్యొచ్చినాడు. వచ్చి కూడు తిన్లేదు. ఏమప్పా అంటే, అన్న చెప్తాడనుకుంటినమ్మా అన్నాడు. మూడు దినాలు సూసినాడు ఫోన్ వస్తాదేమోనని."

నేను అతన్ని చూసి కుళ్ళుకున్నన్ని రోజులూ అది నా ఒంట్లో జబ్బేనని, కాల్చితే నన్నే కాలుస్తుందని అనుకున్నాను. నేను మంచివాణ్ణని నమ్మి, నా ఫోన్ కోసం ఒక మనిషి అన్నం మానేసి ఎదురుచూశాడని ఊహించలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ క్షణంలో కూడా నాకు అసూయే కలిగింది. నేను ఎవరి మీదా అంత నమ్మకం పెట్టుకోలేను.

"నాకొక కాగితమిచ్చినారమ్మా, మెచ్చుకుంటూ. అది నీకు రావాల్సింది" అన్నాను, సంచిలో చెయ్యి పెట్టి.

"కాగితం నాకేమిటికి సారూ, సదివేదానికి రాదు" అంది. తర్వాత తలెత్తి నా ముఖంలోకి చూసింది. "ఆ మోరీని పుస్తకంలో మళ్ళా రాసినారా?"

రాయలేదు. పరిచిన రేకులు, కూరిన బస్తాలు తీసేశారు, నోళ్ళు తెరిచే ఉన్నాయి. రిజిస్టరులో మాత్రం ఎక్కించలేదు. ఎక్కించాలంటే ఇన్నేళ్ళు ఎందుకు లేదో కారణం రాయాలి. ఆ కారణం వెతికితే నా సంతకం దగ్గరికే వస్తుంది. అందుకే అతను ఆ పని పక్కన పెట్టాడు.

"లేదమ్మా."

"రాయి సారూ. ఇంగో పెద్దబండి రాకుండా ఉంటాదా? అప్పుడు నా కొడుకు ఈడనే ఉంటాడా, నేనుంటానా? ఎవురు చెప్తారు?"

సంచిలో నుంచి చెయ్యి ఖాళీగానే తీసేశాను.

మర్నాడు ఒక ఉత్తరం రాశాను. ఫలానా మోరీని ఫలానా సంవత్సరంలో నోళ్ళు మూయించి, రిజిస్టరులో నుంచి తప్పుగా తొలగించింది నేనేనని, దాన్ని తిరిగి నమోదు చేయాలని కోరుతున్నానని. డీఈ గారు రెండుసార్లు చదివారు.

"ఇది పైకి పోతే మెమో వస్తాదప్పా నీకు. ఊరికే ఉండేదానికి లేదా? అందరూ మర్సిపోయినారు కదా."

"పంపించండి సార్" అన్నాను.

సమాచారం నేనిచ్చానని అతను రాసిన మాటను మాత్రం ఆ ఉత్తరంలో సరిచేయలేదు. సరిచేస్తే అతని సంతకం మీదికి వస్తుంది. ఆ ఒక్క అబద్ధాన్ని ఇన్నాళ్ళు మోశాను. ఇద్దరం రిటైరయ్యాం, ఆ తల్లి లేదు. ఇప్పుడు ఇక్కడ సరిచేస్తున్నాను. ఆ మోరీ సంగతి చెప్పింది ఆమె.

మెమో వచ్చింది. సంజాయిషీ రాశాను. శిక్ష పెద్దదేమీ కాదు గానీ, అది నడుస్తున్నంత కాలం ప్రమోషన్ జాబితాలో నా పేరు పక్కన పెట్టేశారు. మోరీ రిజిస్టరులోకి తిరిగి ఎక్కింది. మీ కంప్యూటర్లో ఇప్పుడు అది కనిపిస్తుంటే, అలా వచ్చిందే. కనిపించనివి ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలియదు. మీకు ముందు ఆ సెక్షన్లో పనిచేసినవాళ్ళను అడగండి. వాళ్ళకంటే ముందు గ్యాంగువాళ్ళను అడగండి. వాళ్ళ పేర్లు కూడా రాసుకోండి.

ఆ ఏడాది ప్రమోషన్ అతనికి వచ్చింది. నాకు రావాల్సిన కుర్చీయే. ఆర్డరు అందిన రోజు నేరుగా నా దగ్గరికొచ్చాడు, స్వీటు పెట్టె పట్టుకుని. "అన్నా, నీకంటే ముందు నాకొచ్చింది, ఏమనుకోవద్దు" అన్నాడు.

నేను సంతోషించానని రాస్తే మీరు నమ్మకండి. కడుపు మండిపోయింది. ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుని, బాగుందప్పా అన్నాను. అతను చెయ్యి కలిపాడు. కాసేపటికి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు గానీ, నేనే వదల్లేదు.